రెండో వైపు

రొయ్యల చెరువు గట్టు మీద, కాపలా పాకలో
నలుగురం కూర్చున్నాం
ఒక్క క్యాసెట్టు చుట్టూ.

బల్బు నిండా పురుగులు.
మేత బస్తా మీద టేప్‌రికార్డరు.
ప్లే మీట దానంతట అది నిలబడదు,
పాట అయ్యేదాకా ఎవరో ఒకరు
వేలితో నొక్కి పట్టుకోవాలి.
ఇవాళ ఆ వేలు నాది.

ఏలియా ఇప్పుడు పెద్దవాడు.
పొగలోంచి, లైట్లలోంచి నడిచొస్తాడు,
మన తీర్థాలకి పదింతల జనం.
దాంతో మాకేం పేచీ లేదు.
పేచీ అంతా
మొదటిదా, రెండోదా అని.

తొంభై రెండులో, బ్యాండు విడిపోయాక,
నరసాపురం ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
ఒక్కడూ కూర్చుని చేసినవి రెండు:
'ఉప్పుగాలి', ఆ తర్వాత 'పంటు దాటాక'.
సైకిలు షాపులో ట్యూబుల పక్కన పెట్టి అమ్మేవారు.
సత్తిరాజు రెండూ కలిపి దీంట్లోకి ఎక్కించాడు,
ఈ వైపు అది, ఆ వైపు ఇది.

"మొదటిదేనండీ," అంటాడు సత్తిరాజు,
"అందులో కోపం ఉంది.
తీగ తెగితే తెగిన చప్పుడు కూడా ఉంచేశాడు."
సువార్త ఒప్పుకోదు.
"కోపం ఎవడికైనా వస్తది.
రెండోదాంట్లో సిగ్గుంది.
గిటారు పట్టుకుని సిగ్గుపడినోణ్ణి
ఇంకొకణ్ణి చూపించు."
గనిశెట్టి మేస్టారు ఏమీ అనరు.
పాట వచ్చినప్పుడు చెవిలో మిషను పెంచుతారు,
మేం వాదించుకున్నప్పుడు తగ్గిస్తారు.

పోయిన నెలలో కంపెనీవాళ్ళు
రెండింటినీ కడిగి, తుడిచి, ఫోన్లలోకి వదిలారు.
విన్నాం. శుభ్రంగా ఉంది.
కానీ వెనకాల ఐసు ఫ్యాక్టరీ మోటారు లేదు.
దాన్ని మేం బేస్ గిటారనుకుని
ముప్పయ్యేళ్ళు తలలూపాం.

అదైనా పోనీ.

తొంభై ఆరు తుఫానుకి ఈ క్యాసెట్టు
సఖినేటిపల్లిలో, సువార్త వాళ్ళింట్లో
మూడు రోజులు నీళ్ళలో నానింది.
బియ్యం ఎలాగూ పోయాయి,
ఇదైనా దక్కుతుందేమోనని
విప్పి, టేపంతా
తలలు విరిగిన రెండు కొబ్బరి మొదళ్ళ మధ్య
తాడు మీద ఆరేసిందట.
మధ్యాహ్నమంతా ఎండలో మెరిశాయి
పన్నెండు పాటలు.
లేసు అల్లే సూదితో మళ్ళీ చుట్టింది.

అప్పట్నుంచీ రెండో వైపు మూడో పాటలో
'రేవు' అన్న మాట సాగుతుంది:
రే...వు
పంటు ఒడ్డుకి ఆనీ ఆననట్టు.
ఆ సందులో మేం ఊపిరి బిగబడతాం.
సత్తిరాజు చెల్లెలి పెళ్ళిలో అలాగే పాడాం,
మేస్టారి భార్య పోయిన రాత్రి
గోదారి గట్టున గొంతు పెగలక
అలాగే పాడాం.

కొత్తదాంట్లో అక్కడ ఏమీ జరగదు.
'రేవు' అని అనేసి వెళ్ళిపోతాడు.
ఆయన పాడింది అంతేనట.

తుఫానుకి ముందు నాలుగేళ్ళు విన్నాం కదా,
అప్పుడెలా ఉండేదో
ఒక్కరికీ గుర్తు లేదు.

"అయితే ఆ సాగు ఆయనది కాదన్నమాట,"
అన్నాడు సత్తిరాజు, చాలాసేపటికి.
"మరి నాదా?" అంది సువార్త.
నవ్వబోయింది గానీ, ఆగిపోయింది.

బయట ఏరేటర్లు నీళ్ళని చరుస్తున్నాయి.
ఒకటి మాత్రం లయ తప్పింది,
రేపు బేరింగు మార్చాలి.

మేస్టారు మిషను పెంచుకున్నారు.
"ఓసారి వెనక్కి తిప్పండమ్మా."
వెనక్కి తిప్పే మీట ఎప్పుడో పోయింది.
సువార్త సంచీలోంచి సూది తీసి
చక్రంలో పెట్టి తిప్పింది,
పెదాలు కదుపుతూ, కుట్లు లెక్కపెట్టినట్టు.
సరిగ్గా ఎక్కడ ఆపాలో ఆ వేళ్ళకి తెలుసు.

నొక్కాను.
ముందు మోటారు హోరు. తర్వాత ఆయన.

రే...

వేలు తిమ్మిరెక్కింది.
తియ్యలేదు.